పదును రోజున మా మ్యూజియం

మా ఇంట్లో పదకొండు శాలువాలున్నాయి. అదీ అనంతపురంలో. ఈ ఊళ్లో చలి అనదగ్గది ఏడాదికి ఓ పదిహేను రోజులు ఉంటే గొప్ప, ఆ పదిహేను రోజులకూ మామూలు దుప్పటి సరిపోతుంది. అయినా ఏ సభకు వెళ్లినా, మే నెల మిట్టమధ్యాహ్నమైనా సరే, ఎవరో ఒకరు వెనకనుంచి వచ్చి భుజాల మీద శాలువా కప్పి, ఫోటో సరిగ్గా వచ్చేదాకా దాన్ని జారిపోకుండా పట్టుకుని నిలబడతారు. గౌరవం అంటే చెమట పట్టడమేనని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. వీటిలో కొన్ని ఊరంతా తిరిగి మళ్లీ మన ఇంటికే చేరినవని నా భార్య అనుమానం. ఆకుపచ్చదాన్ని ఒకసారి మేమే ఎవరికో కప్పామట.

పన్నెండోది కొనడానికి కూడా మా కమిటీ నన్నే పంపింది. అది నాకు కాదు, మా మ్యూజియం చూడటానికి వస్తున్న అధికారికి.

మ్యూజియం అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. గార్లదిన్నె దాటాక పెద్దరోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే మా సొంతూరు వస్తుంది. ఊరి చివర పాత పశువుల ఆసుపత్రి ఉంది. దానికి వేరేచోట కొత్త భవనం కట్టారు. ఖాళీ అయిన రెండు గదుల్లో మేము మా ఊరి చరిత్ర పెట్టాం. నడిపేది నలుగురం: రిటైరైన హెడ్మాస్టరు గారు, సైకిల్ షాపాయన, అంగన్‌వాడీ టీచరమ్మ, అనంతపురం డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పుకునే నేను. ఎవరికీ జీతం లేదు. అందుకే ఎవరూ రాజీనామా చేయలేకపోతున్నాం.

లోపల ఏడు విసుర్రాళ్లున్నాయి. ఊరికి చరిత్ర మీద ఉన్న అభిమానమంతా విసుర్రాళ్ల రూపంలోనే బయటపడింది. ఎవరింటికి పోయినా "మూలన అడ్డంగా పడుండాది, ఎత్కపోండి" అన్నవాళ్లే. మోట బావిలోంచి నీళ్లు తోడిన తోలు బాన ఒకటి ఉంది. తోలును ఎలుకలు తినేశాయి, ఇనప కడియం మిగిలింది. కాపరుల గొంగళ్లు రెండు, కరువు పనుల్లో మట్టి తవ్విన పార ఒకటి. గోడమీద గాలికుంటు టీకాల బొమ్మ ఊడి రాలేదు కాబట్టి దాన్నీ చరిత్రలో కలిపేసుకున్నాం.

వీటన్నిటికీ పెద్దదిక్కు గొర్రు. విత్తనం వేసే కొయ్య గొర్రు. కింద నాలుగు పళ్లు, మీద ఒక కొయ్య గిన్నె, గిన్నెలోంచి పళ్ల వెనక్కి దిగే వెదురు గొట్టాలు. ముందు ఎద్దులు లాగుతుంటే వెనక ఆడమనిషి నడుస్తూ గిన్నెలోకి పిడికిట్లోంచి గింజలు వదులుతుంది. మా ఊళ్లో ఇలాంటివి మూడే దొరికాయి. రెండింటికి పళ్లు లేవు. ఈ మూడోది మాత్రం తెల్లారితే పొలానికి పోదామన్నట్టు ఉండేది. మేము చరిత్రను ఎంత శ్రద్ధగా సేకరించామంటే, ఊళ్లో పనిచేసే కొయ్య గొర్రు ఇక ఒక్కటీ బయట మిగల్లేదు.

ఇచ్చింది ఊరికి పడమట నాలుగెకరాల ఎర్రనేల ఉన్న అక్క. భర్త పోయాక సేద్యం తనే చేసుకుంటోంది. మేము అడగడానికి పోయినప్పుడు గొర్రు కొట్టం మీద ఉంది. "కావాల్సినప్పుడు తెచ్చుకుంటా గదా?" అని అడిగింది. "నీ వస్తువే కదమ్మా" అన్నారు హెడ్మాస్టరు గారు. ఊళ్లో సామాను మామూలుగా అలాగే తిరుగుతుంది, అడిగి తెచ్చుకుంటారు, వాడుకుని ఇచ్చేస్తారు. ఆమె ఆ లెక్కన ఇచ్చింది. మేము మ్యూజియం లెక్కన తీసుకున్నాం.

ఆ రెండు గదులు పంచాయతీవాళ్లు మాకు నోటిమాట మీద ఇచ్చినవే. రేషన్ సామాను పెట్టుకోవడానికి వాటిని ఇవ్వమని మధ్యలో ఒక మాట లేచింది. అధికారి వచ్చి చూసి, బాగుంది అని కాగితం రాస్తే గదులు మాకే ఉంటాయి. సరే, తేదీ అనుకున్నాం. వానాకాలం నెలే. అయినా అనంతపురం వానాకాలమే కదా అని షామియానా అక్కర్లేదనుకున్నాం. సైకిల్ షాపాయన మాత్రం "ఒగేళ వానొస్తే?" అన్నాడు. అందరం నవ్వాం. ఒక్క క్షణం ఆగి ఆయనా నవ్వాడు.

సరిగ్గా రెండు రోజుల ముందు వాన కురిసింది.

పెద్ద వానేం కాదు. వీధిలో నీళ్లు పారాయా అంటే పారాయి, అంతే. కానీ నేలకు పదును, అంటే విత్తనం వేయడానికి సరిపోయే తడి, వచ్చింది. మా ఎర్రనేలలో పదును ఎక్కువ కాలం నిలవదు. పైన పడమటి గాలి ఒకటి, వాన వెళ్లిపోవడం కోసమే కాచుకుని ఉంటుంది. మర్నాటికల్లా ఊరు ఊరంతా చేలల్లో ఉంది. ట్రాక్టర్లు రాత్రీ పగలూ తిరిగాయి. సభకు జనం ఎలా అని హెడ్మాస్టరు గారు దిగులు పడ్డారు.

సభ రోజు పొద్దున ఎనిమిదింటికి జనం ఒకరు వచ్చారు. జత ఎద్దులతో సహా.

"ఏమప్పా, గొర్రు తీస్కపోతాండా" అంది అక్క, వాకిట్లోంచే.

"ఈ పొద్దా?" అన్నాను.

"మళ్ల యాపొద్దు? ట్రాక్టరోళ్లు నా మొగం సూస్తాండారా? పెద్ద సేన్లోళ్లయినంక నాలుగో దినం అంటాండారు. నిన్నంతా ఎద్దుల కోసం తిరిగితి. మా తమ్మునివి ఇవి. మాపటికి తోల్కపోతాడు, రేపు ఆయప్ప సేనికి కావల్ల. ఈ పొద్దు బుడ్డలు పడల్ల, లేకుంటే లేదు."

హెడ్మాస్టరు గారు నా వైపు చూశారు. ఆహ్వాన పత్రిక మీద అచ్చువేయించింది ఆ గొర్రు బొమ్మనే. అధికారి ఫోనులో ప్రత్యేకంగా అడిగింది దాని గురించే. అది లేకపోతే ఆయనకు చూపించడానికి మిగిలేది ఏడు విసుర్రాళ్లు.

"అక్కా, ఒక్క రెండు గంటలు ఆగుతావా? పదింటికి సారొస్తాడు. చూసి పోతానే నువ్వు తీస్కపో" అన్నాను.

ఆమె గాలి వచ్చే దిక్కుకేసి చూసింది. "పదికి ఇస్తారు గదా?"

"పదికి."

"ఐతే సరే."

పశువులకు సూదులేసే ఇనప చట్రానికి ఎద్దులను కట్టేసి ఆమె లోపలికి వచ్చింది. ఆసుపత్రికి పశువులు వచ్చి చాలా ఏళ్లయింది, అవి కూడా కొంచెం అనుమానంగానే నిలబడ్డాయి. అక్క మా మ్యూజియంలోకి రావడం అదే మొదటిసారి. చీర కొంగు నడుముకు దోపుకుని ఒక్కో వస్తువూ చూసుకుంటూ వచ్చి గొర్రు దగ్గర ఆగింది. కింద బోర్డు నేను రాసిందే. కూడబలుక్కుని పైకి చదివింది: "ఒకానొక కాలంలో మన పూర్వీకులు ఉపయోగించిన విత్తన పరికరం."

నా వైపు తిరిగింది. "పూర్వీకులంటే నేనేనా?"

"అంటే... మామూలుగా అట్ల రాస్తారక్కా."

"పోయినేటికి ముందేడు దీంతోనే ఇత్తింటి గదప్పా. నువ్వు గట్టుమీద నిలబడి ఫోటో గూడా తీసుకుంటివి."

హెడ్మాస్టరు గారు గొంతు సవరించుకుని, బోర్డు తర్వాత మారుద్దామన్నారు. ఇప్పటికి రంగు ఆరింది కదా అని కూడా అన్నారు.

పదయింది. పదకొండయింది. అధికారి దగ్గర పనిచేసే అటెండరుకు ఫోన్ చేస్తే "బయలుదేరినారు సార్" అన్నాడు. పన్నెండింటికి చేస్తే బుక్కరాయసముద్రంలో ఇంకో కార్యక్రమంలో ఉన్నారని, అది అయిపోతానే మాదేనని అన్నాడు. నేను చేసిన ప్రతి ఫోను తర్వాతా వాకిట్లోకి వచ్చి "అరగంటక్కా" అనేవాణ్ని. మొదటిసారి ఆమె "సరే" అంది. రెండోసారి తల ఊపింది. మూడోసారి చట్రం దగ్గరకు పోయి ఎద్దులకు నీళ్లు పెట్టింది. ఒంటి గంటకు అంగన్‌వాడీ టీచరమ్మ ఆమెకు టిఫిన్ డబ్బాలోంచి అన్నం పెట్టబోతే వద్దంది. సంచిలో విత్తనం బుడ్డలు, అదే వేరుశనగ గింజలున్నాయి, వాటిని ఒళ్లో పోసుకుని పుచ్చువి ఏరుతూ కూర్చుంది.

నేను ప్రతి ఏడూ రెండో నెలలో పిల్లలకు అవకాశ వ్యయం అనే పాఠం చెబుతాను. ఒకటి ఎంచుకుంటే ఇంకోటి వదులుకోవాల్సి వస్తుంది, ఆ వదులుకున్నదే దాని అసలు ఖరీదు అని. ఉదాహరణగా ఎప్పుడూ సినిమా టికెట్టే చెబుతాను. పిల్లలకు తేలిగ్గా అర్థమవుతుంది. నాకు కూడా అంతవరకే అర్థమై ఉండాలి.

గొర్రు ఇచ్చేసి ఉండొచ్చు. అధికారి వచ్చాక "చేలో ఉంది సార్, పోయి చూద్దాం రండి" అనొచ్చు. ఆ మాట నాకు పదకొండున్నరకే తట్టింది. హెడ్మాస్టరు గారికి చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను కూడా. రెండుసార్లూ ఆయన "ఇంకెంత, వచ్చేస్తారు" అన్నారు. పెద్దాయనను నొప్పించకూడదని ఊరుకున్నానని ఇంట్లో చెప్పాను.

మూడున్నరకు జీపు వచ్చింది.

ఆయన చెడ్డవాడేం కాదు. ఆలస్యానికి నిజంగానే క్షమాపణ అడిగాడు. వాకిట్లో ఎద్దులను చూడగానే మొహం వెలిగిపోయింది. "ఇది మ్యూజియం కాదండీ, జీవం ఉట్టిపడుతోంది!" అన్నాడు. ఎద్దుల్ని, అక్కను మేమే ఏర్పాటు చేశామనుకున్నాడు. హెడ్మాస్టరు గారు కాదనలేదు. నేనూ కాదనలేదు.

గొర్రును బయటికి తెచ్చి ఎద్దుల పక్కన పెట్టి, అక్కను పట్టుకోమన్నారు. ఆమె పట్టుకుంది. ఫోటోలు తీశారు.

"అమ్మా, ఆ రోజుల్లో దీన్ని ఎలా వాడేవాళ్లు?" అని అడిగాడాయన.

"ఎట్ల వాడేదో సూపిస్తా, సేన్లోకి రాండి సార్. పొద్దు పోతాంది" అంది అక్క.

ఆయన పకపకా నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి అందరం నవ్వాం. ఆ తర్వాత మన వ్యవసాయ వారసత్వాన్ని మరిచిపోకూడదని కాసేపు మాట్లాడాడు. వినడానికి మేం నలుగురం, అక్క, జీపు డ్రైవరు. శాలువా కప్పించుకున్నాడు, గదులు మాకే ఉండేట్టు రాస్తానని మాటిచ్చాడు. జీపు పోయేసరికి నాలుగున్నర దాటింది.

గొర్రును నేను ఒకవైపు, డెబ్బై దాటిన హెడ్మాస్టరు గారు ఒకవైపు పట్టుకున్నాం. ఇన్ని గంటలు ఆపినవాళ్లం చేను దాకా మోసుకుపోవడం న్యాయమనిపించింది. దారి పొడవునా రెండు పక్కలా కొత్తగా విత్తిన చేలు, పొద్దువాలు వెలుగులో సాళ్లు వరసగా కనబడుతున్నాయి. అక్క ఎద్దుల్ని తోలుకుంటూ ముందు నడిచింది. వెనక్కి తిరగలేదు.

చేలోకి దిగి ఆమె వంగి పిడికెడు మట్టి తీసుకుంది. గట్టిగా నొక్కి చెయ్యి తెరిచింది. మట్టి ముద్ద కట్టలేదు, వేళ్ల సందుల్లోంచి జారిపోయింది. చెప్పు విడిచి కాలి బొటనవేలితో ఇంకొంచెం లోతుగా తవ్వి చూసింది. అక్కడ తడి ఉంది, అయితే గొర్రు పళ్లు దిగేంత పైన లేదు. గట్టు మీద ఆమె తమ్ముడు ఎద్దుల కోసం వచ్చి నిలబడి ఉన్నాడు. ఆమె విత్తనాల సంచి మూతి మళ్లీ కట్టేసింది.

ఏదో ఒకటి అనాలి కదా. "ఇంకో వాన పడకపోదులే అక్కా" అన్నాను. అనంతపురం జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ని, ఆ మాట నేనే అన్నాను.

ఆమె చేతికంటిన దుమ్ము కొంగుకు తుడుచుకుని నా మొహంలోకి చూసింది.

"పొద్దున్నే ఇయ్యను పో అనింటే, పామిడి పక్క మా సిన్నాయనోళ్లకాడ గొర్రు అడిగి తెచ్చుకుంటాంటి గదప్పా. అది సెప్పేకి నీకు నోరెందుకు రాలేదు?"