ఆడ జాగ ఉన్నదా సారూ

గద్వాల నుంచి ఇటిక్యాల పోయే దారిలో ఒక ప్రైవేటు బడిలో నేను రెండేళ్లు కంప్యూటర్ సారుగా వెలగబెట్టాను. రెండువేల ఆరో, ఏడో సంవత్సరం అనుకుంటాను. బడి గేటు పక్కన గోడ మీద 'అత్యాధునిక కంప్యూటర్ ల్యాబ్ కలదు' అని ఎర్రరంగుతో రాయించారు. కలదు అన్నది అబద్ధం కాదు. ల్యాబులో కంప్యూటరు మాత్రం ఒకటే. నాగర్‌కర్నూల్‌లో ఏదో ఆఫీసువాళ్లు పాత సామాను వేలం వేస్తుంటే, మా కరస్పాండెంటు సారు, అంటే బడి యజమాని, కుర్చీల కోసం పోయి కుర్చీలతో పాటు దాన్ని కూడా వ్యానులో వేసుకొచ్చాడు. దానికి తోడుగా కర్రుకర్రుమని అరిచే ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. వారానికోసారి పిల్లలంతా వరుసలో వచ్చి తలా ఒక మీట నొక్కి పోయేవారు. దాన్ని మేం ప్రాక్టికల్స్ అనేవాళ్లం.

ఆ పెట్టెలో విండోస్ లేదు. ఊరికే దొరికేది ఒకటుంది సార్, లినక్స్ అంటారు అని నోరు జారాను. ఊరికే వస్తే ఫినాయిల్ కూడా తాగే రకం ఆయన. ఆ మాట వినగానే నాకు కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. అప్పట్లో అడిగితే చాలు, ఎక్కడి నుంచో సీడీలు పోస్టులో ఉచితంగా పంపేవారు. కొన్ని వారాలకు విదేశీ స్టాంపులున్న కవరు వచ్చింది. స్టాఫ్ రూములో ఆ కవరుకు జరిగిన మర్యాద నాకు ఆ రెండేళ్లలో ఒక్కపూట కూడా జరగలేదు.

సీడీ పెట్టి ఎక్కించాను. అంతా అయింది గానీ బొమ్మ రాలేదు. రంగుల్లేవు, మౌసు బాణం లేదు. నల్లటి తెర, పై మూలన కొట్టుకుంటున్న తెల్లగీత, అంతే. దానికి ఇంగ్లీషులో మాట టైపు చేసి చెబితే వింటుంది, లేకపోతే అట్లాగే చూస్తూ ఉంటుంది. తెర మీద బొమ్మ గీసే పలకను గ్రాఫిక్స్ కార్డు అంటారు. ఆ కార్డును నడిపించే ప్రోగ్రాము పేరు డ్రైవరు. మా కార్డుకు సరిపోయే డ్రైవరు ఆ సీడీలో లేదు. పెట్టె బాగానే ఉంది, డ్రైవరే లేదు సార్ అని కరస్పాండెంటు సారుకు విన్నవించాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, వ్యాను డ్రైవరు పొద్దున ట్రిప్పు అయినంక ఖాళీగానే ఉంటాడని, పంపిస్తానని, కాకపోతే వాడి లైసెన్సు రెన్యూవల్ కాలేదని, ఫరవాలేదా అని అడిగాడు. నేను నవ్వలేదు. జీతం ఇచ్చేవాడి ముందు నవ్వే అలవాటు మా వంశంలోనే లేదు.

ఆ రోజు నుంచి నా జన్మకు డ్రైవరు తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. ప్రతి ఆదివారం గద్వాల నెట్ సెంటరులో కూర్చునేవాణ్ని. ఫైలు నత్తలా దిగేది. ఇంకాసేపట్లో అయిపోతుందనగా కరెంటు పోయేది. కరెంటు వచ్చాక మళ్లీ మొదటి నుంచి. సోమవారం ఉత్త చేతులతో బడికి వచ్చి, ఆ వెలితి కనపడకుండా కరస్పాండెంటు సారుకు రంగుల గురించి ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. రంగులు రానివ్వండి సార్, అప్పుడు చూద్దురు, రంగుల్లేనిది అసలు కంప్యూటరే కాదు అనేవాణ్ని. ఆలు లేదు చూలు లేదు అన్నట్టు నేను, ఊ కొట్టడానికి ఆయన. వినీ వినీ ఆ ముక్క ఆయనకు కంఠతా వచ్చింది.

ఇక ఆయమ్మ సంగతి. బడిలో పద్నాలుగు గదులు ఊడ్చి, నీళ్లు మోసి, చిన్నపిల్లల ముక్కులు తుడిచే మనిషి. నలభై దాటాయి. భర్త ఏడాదిలో సగం పూణె వైపు కూలిపనికి పోయేవాడు. ఈమె రెండెకరాలు కౌలుకు పట్టి, పొద్దున్నే చేను చూసుకుని బడికి వచ్చేది. ఓపెన్ స్కూల్లో కట్టి పదో తరగతి పాసైంది. ఎండాకాలంలో ఆఫీసు గుమాస్తా మానేస్తున్నాడని తెలిసిన రోజు నుంచి ఆమెకు ఒకటే ఆశ, ఆ గదిలో ఆ కుర్చీ. మోకాళ్లు అరిగిపోయాయని, ఇంకో ఏడు వంగి ఊడ్చడం తనతో కాదని, ఆ కంప్యూటరు నాలుగు ముక్కలు నేర్పితే దండం పెడతానని అడిగింది.

నేర్పాను. దయతో అనుకునేరు. ఆ నల్లతెర ముందు ఒక్కణ్నే కూర్చుని పిచ్చెక్కి, నా విద్వత్తు చూసి నోరు తెరిచే మనిషి ఒకరు కావలసి వచ్చింది.

ఆమె నోరు తెరవలేదు, నోటుబుక్కు తెరిచింది. నేను చెప్పిన ప్రతి కమాండునూ తెలుగక్షరాల్లో రాసుకుంది. ఎల్లెస్ అంటే ఇంట్ల ఏమేమున్నయో చూసుడు. సీడీ అంటే, పోస్టుల వచ్చిన సీడీ గాదు, గడప దాటుడు. ఆరెమ్ అంటే పారబోసుడు. రెండు మాటల మధ్య వదిలే ఖాళీని లోకమంతా స్పేసు అంటుంది, ఆమె మాత్రం 'జాగ' అని రాసుకుంది. మా వైపు ఇల్లు కట్టుకునేదీ జాగే, బస్సులో కూర్చునేదీ జాగే. క్యాట్, జాగ, బాణం గుర్తు, జాగ, కాగితం పేరు. అది కొడితే టైపు చేసుకోవడానికి ఖాళీ తెర వస్తుంది. బాణం తర్వాత కాగితం పేరు బదులు ప్రింటరు పేరు పెట్టి, క్యాట్ పక్కన ఆ కాగితం పేరు చెబితే అచ్చయి బయటికొస్తుంది. క్యాట్ అంటే పిల్లి అని చెప్పడం నా బుద్ధితక్కువ. "పిల్లి జాగ బాణం జాగ" అని గొణుక్కుంటూ ఆమె వరండాలు ఊడుస్తుంటే, పిల్లలు ఆయమ్మకు గాలి సోకిందని చెప్పుకున్నారు.

ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. ఒక వరుస దాటిపోతే మళ్లీ వెనక్కి పోయి దిద్దుకోవడం కుదరదు. అందుకని ఆమె అసలు తప్పు పోకుండా కొట్టడం నేర్చుకుంది. నాకు ఈ రోజుకీ రాని విద్య అది.

ప్రతిసారీ ఆ జాగ జాగ అని పైకి అనాలా ఆయమ్మా అని ఒకరోజు ఎగతాళి చేశాను. ఆమె మీటల మీంచి కళ్లు తిప్పలేదు.

"నడుమ జాగ ఇడవకుంటే రెండు మాటలు కొట్లాడుకుంటయి సారూ. ఇడవొద్దన్న కాడ ఇడిస్తే మూడోడొచ్చి కూసుంటడు. పొలం గట్టు కాడ మాకెప్పుడు గిదే పంచాయితీ."

నేను పగలబడి నవ్వాను. డిప్లొమా ఉన్నది నాకు కదా.

పరీక్షల సీజనులో కరస్పాండెంటు సారు ప్రకటన చేశాడు. ఆఫీసు కుర్చీకి ఇద్దరు పోటీ. ఒకరు ఆయమ్మ, ఇంకొకరు ఆయన తోడల్లుడి కూతురు. ఆ అమ్మాయి వనపర్తిలో కంప్యూటరు కోర్సు చేసింది. సోమవారం పొద్దున ల్యాబులో ఇద్దరూ ఒక్కో టీసీ టైపు చేసి ప్రింటు తీయాలి. ఎవరు తీస్తే వాళ్లదే కుర్చీ. అంతా ధర్మంగా జరుగుతుందన్నాడు. ఆయన నోట ధర్మం అన్న మాట వచ్చిందంటే మాకు భయం వేసేది. అయినా ఆయమ్మకు అన్నం సయించలేదు, మధ్యాహ్నం డబ్బా కూడా తెరవకుండా సాధన చేసింది. నల్లతెర మీద టీసీ తీయడం ఆమెకు అప్పటికి మంచినీళ్లు తాగినంత తేలిక.

సరిగ్గా ఆ వారమే నా డ్రైవరు దిగింది. ఏ పుణ్యాత్ముడి దయో, ఆ ఆదివారం గద్వాలలో కరెంటు పోలేదు. నెట్ సెంటరువాడితో సీడీలో ఎక్కించుకుని, ఎట్లా బిగించాలో చెప్పే సూచనలు కాగితం మీద ప్రింటు తీయించుకున్నాను. బుద్ధున్నవాడైతే ఇంకో వారం ఆగుతాడు. నేను శనివారం దాకా ఆగగలిగాను, అదే గొప్ప. ఒంటిపూట బడి అయిపోగానే ల్యాబుకు పోయేసరికి ఆయమ్మ సాధన చేస్తోంది. లేవమన్నాను. సోమవారం అయినంక చేసుకోరాదా సారూ, ఇది గిట్లనే మంచిగున్నది అని బతిమాలింది. రంగులు చూస్తే నువ్వే దండం పెడతావు అని లేపేశాను.

కాగితంలో మొదటి మెట్టు, పాత డ్రైవరు ముక్కలు ఏవైనా ఉంటే పారబోయడం. ఆ కమాండు బారెడు ఉంది. కాగితం అంచుకు వచ్చేసరికి జాగ చాలక, యూఎస్సార్ అన్న మాట దగ్గర విరిగి, మిగతాది కింది వరుసలోకి దిగింది. నేను యూఎస్సార్ దాకా కొట్టాను. ఒక ఖాళీ వదిలాను. మిగతాది కొట్టాను. వెనక నిలబడి కాగితంలోకి తొంగిచూస్తున్న ఆయమ్మ మెల్లగా అడిగింది.

"ఆడ జాగ ఉన్నదా సారూ?"

"ఉంటదిలే. నాకు తెల్వదా," అన్నాను.

ఎంటర్ కొట్టాను.

అసలు కమాండులో అక్కడ జాగ లేదు. జాగ లేకపోతే ఆ కమాండుకు అర్థం, యూఎస్సార్ అనే పెద్ద అర్రలో, అంటే గదిలో, ఫలానా మూలన ఉన్న పాత డ్రైవరును పారబోయి అని. జాగ ఉంటే, ముందు పెద్ద అర్రను మొత్తం పారబోయి, ఆ తర్వాత మిగతాది చూద్దాం అని. నిజంగానా అని పెట్టె ఒక్క మాట అడగలేదు. నేను రూటుగా, అంటే సర్వాధికారం ఉన్నవాడిగా, లోపలికి పోయి ఉన్నాను మరి. సర్వాధికారికి ఎదురు ప్రశ్న వేసే ధైర్యం దానికి లేదు, మా బడిలో మాకు లేనట్టే. కాసేపు గిరగిరమని చప్పుడు చేసి ఊరుకుంది. ఆ తర్వాత ఏది కొట్టినా అట్లాంటిది ఇక్కడ లేదు పొమ్మంది.

మళ్లీ మొదటి నుంచి ఎక్కిద్దామంటే, పోస్టులో వచ్చిన ఆ సీడీని కరస్పాండెంటు సారు ఫారిన్ సాఫ్ట్‌వేర్ అని చూపించడానికి అడ్మిషన్ల ప్రచారంలో ఊళ్లు తిప్పుతున్నాడు. అడిగితే ఎందుకని అడుగుతాడు. నేను తల పట్టుకుని కూర్చుంటే ఆయమ్మ పక్కనుంచి చెయ్యి చాపి, పిల్లి, జాగ, బాణం, జాగ అంటూ కొట్టింది. ఖాళీ తెర తెరుచుకుంది. ఆ పిల్లి బయటి అర్రలో ఉంటుంది, నేను తగలేసింది లోపలి అర్రను. ఒక వరుస టైపు చేసి ప్రింటరుకు పంపింది. అదీ కర్రుమంది.

"పిల్లి ఉన్నది సారూ. పరేషాన్ కాకుండ్రి," అని నన్నే ఓదార్చింది.

సోమవారం పెట్టె ఆన్ చేస్తే తెర నిండా ఏడుపులు ఏడ్చి చివరికి తెల్లగీత దగ్గర ఆగింది. మొదట తోడల్లుడి కూతురు కూర్చుంది. మౌసు కదిలించింది, బాణం ఏదని అడిగింది, ఇది పాడైనట్టుంది పెదనాన్నా అని లేచింది. ఆ పిల్ల అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. తర్వాత ఆయమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని కూర్చుంది. పెదాలు మాత్రం కదులుతున్నాయి. టీసీ మొత్తం ఒక్క పొల్లు పోకుండా కొట్టి, ప్రింటరు నుంచి కాగితం చింపి, రెండు చేతులతో కరస్పాండెంటు సారుకు ఇచ్చింది. ఆయన రెండుసార్లు చదివాడు. తప్పు దొరకలేదు. అప్పుడు నా వైపు తిరిగాడు.

"మంచిగనే కొట్టింది. గని నువ్వే అంటివి గద, రంగులు లేంది కంప్యూటరే కాదని. జూన్‌ల ఆఫీసుకు రంగులది తెస్తున్న. ఈ నల్లదాని మీద నేర్సుకున్నామెకు అది వస్తదా?"

చెప్పవలసింది ఒక్క మాటే. ఈ పెట్టెను శనివారం నా చేతులతో నేనే చంపాను సార్, చచ్చిన పెట్టెతో టీసీ తీసిన మనిషికి బతికున్నది వారం రోజుల్లో వస్తుంది అని. ఆ మాటలో రెండో సగం చెప్పాలంటే మొదటి సగం కూడా చెప్పాలి. ఆయమ్మ నా ముఖంలోకే చూస్తోంది. శనివారం సంగతి ఆమె నోట రాదని నాకు తెలుసు. నేను తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను. ఊరికే నిలబడినా బాగుండేది.

"జర కష్టమే సార్," అన్నాను.

ఇన్నేళ్లయినా ఆ మూడు మాటలు గుర్తొస్తే సిగ్గుతో చచ్చిపోతాను. కుర్చీ తోడల్లుడి కూతురికి పోయింది. ధర్మంగానే పోయింది, కంప్యూటర్ సారు సలహా మీద.

సాయంత్రం బడి వదిలాక నేను ల్యాబులోనే కూర్చున్నాను. ఆమె వస్తే ఏం చెప్పాలో మనసులో అల్లుకుంటున్నాను. రేపు ఆయనతో మాట్లాడతానని చెప్పాలి, వచ్చే ఏడు చూద్దామని చెప్పాలి. ఆమె చీపురు పట్టుకుని వచ్చింది. కోపం గానీ ఏడుపు గానీ ముఖంలో ఏమీ లేదు. నేను గొంతు సవరించుకున్నాను.

"జర జాగ ఇయ్యుండ్రి సారూ, ఊడ్వాలె," అంది.

నేను లేచి కుర్చీ పక్కకు జరిపాను. ఆమె ఒక చెయ్యి మోకాలి మీద ఆనించుకుని బల్ల కిందికి వంగింది.