ఏం కూర? ఓవర్

నవంబరు మొదటి వారం. పగలు పదకొండూ ఇరవై. ఎండ ఉంది, వేడి లేదు. వీపు మీద ఇరవై రెండు కిలోల సామాను, చేతిలో మందుల పెట్టె. ఆరు గంటల నడక తర్వాత మా పోస్టు కనిపించింది. రాతి గోడలు, రేకుల కప్పు, రేకుల మీద మంచు. నేను పొదిలి దగ్గర మెట్ట ఊళ్ళో పుట్టినవాణ్ణి. అప్పటిదాకా చూసిన పెద్ద తెలుపు చిలకలూరిపేట జిన్నింగ్ మిల్లులో పత్తి కుప్ప. పోస్టు పేరు చెప్పకూడదు. చెప్పినా మీకు మ్యాపులో దొరకదు.

నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుని. అంటే డాక్టరు లేనిచోట డాక్టరు లాంటివాణ్ణి. మా పోస్టులో పదకొండు మందిమి. పైన కొండ మలుపులో ఇంకో పోస్టు, అందులో ఐదుగురు. వాతావరణం బాగుంటే రెండు గంటల దారి. మంచు పడితే దారే ఉండదు. ఆ ఐదుగురి ఆరోగ్యం కూడా నా పూచీయే.

మా పోస్టు కమాండర్ ఒక సుబేదార్. తక్కువ మాట్లాడే మనిషి. మొదటి సాయంత్రమే ఆర్డర్ ఇచ్చాడు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పైకి కూరగాయ రాదు. బంగాళాదుంపలు, ఉల్లిపాయలు క్రిస్మస్ లోపే అయిపోతాయి. ఆ తర్వాత పప్పు, బియ్యం, గోధుమపిండి, డబ్బాల్లో కూర, డబ్బాల్లో పండ్లు. ప్రతి మనిషీ రోజూ విటమిన్ మాత్ర మింగాలి. సాయంత్రం ఐదూ నలభైకి పై పోస్టుతో రేడియో. ఒక్కొక్కరి గురించి నాలుగు ప్రశ్నలు: మాత్ర వేసుకున్నాడా, చిగుళ్ళు ఎలా ఉన్నాయి, కాళ్ళు ఎలా ఉన్నాయి, నిద్ర పట్టిందా. జవాబులు రిజిస్టరులో రాయాలి. బ్యాటరీలు పొదుపు చేయాలి కాబట్టి మొత్తం ఆరు నిమిషాలు.

మీకు పెరట్లో టమాటా ఉంది, బజార్లో నిమ్మకాయ ఉంది. విటమిన్ల సంగతి ఎత్తితే ఆవలిస్తారు. ట్రైనింగులో నేనూ ఆవలించాను. కానీ పాఠం మాత్రం కంఠతా వచ్చు. విటమిన్ సి ఒంట్లో ఎంతోకాలం నిల్వ ఉండదు, తిండిలోంచి వస్తూనే ఉండాలి. ఆకుకూరల్లో, టమాటాలో, పచ్చిమిరపకాయలో దండిగా ఉంటుంది. ఎండబెట్టినా, నిల్వబెట్టినా, బాగా ఉడికించినా చాలావరకు పోతుంది. రెండు మూడు నెలలు అందకపోతే చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంది. పళ్ళు కదులుతాయి. ఎప్పుడో మానిన గాయం మళ్ళీ విచ్చుకుంటుంది. ఇంత తెలిసినవాడు చేసిన తప్పు ఇది. అందుకే చెబుతున్నాను.

పై పోస్టు రేడియో ఆపరేటర్ గొంతు మొదటిసారి విన్నప్పుడే అనుమానం వచ్చింది. వాడి హిందీ నా హిందీకి తమ్ముడిలా ఉంది. ప్రశ్నలు అయ్యాక తెలుగులో అడిగాను.

“ఏ ఊరు? ఓవర్.”

కాసేపు గరగర. తర్వాత నవ్వు.

“పేట. చిలకలూరిపేట. మీదెక్కడన్నా? ఓవర్.”

పేరు దేవదానం. తండ్రి జిన్నింగ్ మిల్లులో కూలీ. నాకంటే రెండేళ్ళు చిన్న. పొదిలి అని చెప్పగానే, మా చుట్టాలున్నారన్నా అక్కడ అన్నాడు. మరుక్షణం, ఏం కూరన్నా ఇవాళ, అన్నాడు.

మన వాళ్ళు ఎవరు ఎదురుపడినా అడిగే మాటే. కానీ మా పోస్టులో ఆ మాట అడిగేవాడు లేడు. అందరూ మంచివాళ్ళే. పేకాటకు పిలిచేవాళ్ళు, టీ చేతికిచ్చేవాళ్ళు. తెలుగు మాత్రం ఒక్కడికీ రాదు. ఊరు వదిలిన మూడు వారాలుగా నా భాష నా నోట్లోనే ఉండిపోయింది. డబ్బాలో బఠాణీ అని నిజం చెప్పడానికి మనసు రాలేదు. గుత్తివంకాయ అన్నాను. వాడు తడుముకోకుండా, మాకు చిక్కుడుకాయ టమాటా అన్నాడు.

అట్లా మొదలైంది ఆట. వారంలో ఒకసారి చెప్పిన కూర మళ్ళీ చెప్పకూడదు. ఎట్లా వండారో కూడా చెప్పాలి. వాడు కాకరకాయ వేపుడంటే నేను గోంగూర పప్పు అనేవాణ్ణి. దొండకాయ, బెండకాయ, మునగాకు, తోటకూర. ఇంటి దగ్గర ఉన్నప్పుడు పళ్ళెంలో పక్కకు నెట్టేసినవన్నీ రేడియోలో లొట్టలేసుకుంటూ తిన్నాను. మా వంటవాడికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, నా ముఖం చూసి వాడూ నవ్వేవాడు.

జనవరిలో మంచు తుఫాను తొమ్మిది రోజులు. తలుపు ముందు ప్రతి రెండు గంటలకూ పార పట్టాం. బంకరులో కిరోసిన్ పొగ. మాటలు అయిపోయాయి, పేకముక్కలు అరిగిపోయాయి. నేను నాలుగింటి నుంచే గడియారం చూసుకునేవాణ్ణి. ఆ రోజుల్లోనే బ్యాటరీల కోసం రేడియో సమయం నాలుగు నిమిషాలకు తగ్గించారు. నేను తగ్గించుకున్నది మా తెలుగు మాటల్ని కాదు, ప్రశ్నల్ని. మిగతా నలుగురి గురించి దేవదానాన్నే అడిగేవాణ్ణి. దేవదానం గురించి ఇంకెవరినీ అడగలేదు, వాణ్ణీ అడగలేదు. గొంతు బాగుంది, నవ్వుతున్నాడు, ఇంకేం కావాలి? రిజిస్టరులో వాడి పేరు పక్కన ‘ఠీక్’ అని రాసి, ఏం కూరరా, అనేవాణ్ణి.

ఫిబ్రవరిలో వాడి కూరలు మారాయి. వేపుళ్ళు పోయాయి. సొరకాయ పులుసు, మెత్తగా ఉడికిన బీరకాయ, పప్పుచారు. మునక్కాడ ఏదిరా అంటే, నమలడం ఎవరివల్ల అవుతుందన్నా, చారు చాలు అన్నాడు. అప్పుడే ముసలాడివయ్యావేంరా అని ఏడిపించాను. వాడూ నవ్వాడు. ఆ నవ్వు కొంచెం మూసిన నోటితో నవ్వినట్టు వినిపించింది. రేడియో గరగర అనుకున్నాను.

మార్చి రెండో వారంలో దారి తెరుచుకుంది. ముగ్గురం బయలుదేరాం. మధ్యాహ్నం రెండూ పదికి పై పోస్టు చేరాం. మబ్బు లేదు, గాలి లేదు. బంకరు తలుపుకు ఎడమవైపు, రోజూ పళ్ళు తోముకునే చోట, మంచులో ఎర్రటి మరకలు కనిపించాయి. లోపలికి వెళ్ళేసరికి దేవదానం రేడియో పక్కన కూర్చుని ఉన్నాడు. నోటికి మఫ్లర్. నన్ను చూసి లేవబోయి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుండిపోయాడు.

గొంతు తప్ప నేను ఎరగని మనిషి. మఫ్లర్ తీయించాను. చిగుళ్ళు ఉబ్బి నల్లబడ్డాయి. ముందు పళ్ళు వేలితో తాకితే కదిలాయి. పిక్కల మీద ఎర్రటి చుక్కలు. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డ మచ్చ మోచేతి దగ్గర విచ్చుకుని ఉంది. మిగతావాళ్ళకు పంటినొప్పి అని చెప్పాడట. ఆ చలిలో అందరూ ముఖం చుట్టుకునే తిరుగుతారు, ఎవరికి అనుమానం వస్తుంది? వాడి పడక కింద బిస్కెట్ల డబ్బా ఉంది. మూడు నెలల మాత్రలు దాన్లోనే ఉన్నాయి.

“ఎందుకు మింగలేదురా?”

“కడుపులో మంటన్నా. డబ్బా కూర వాసనకే వాంతి వచ్చేది. అమ్మ కట్టిచ్చిన పండుమిరపకాయ పచ్చడి రోజూ తింటున్నాగా, అదీ కాయేగా అనుకున్నా.”

గుంటూరు జిల్లా మనిషి అనుకోవాల్సిన మాటే. పచ్చడి ఉంటే అన్నీ ఉన్నట్టే మనకు. అందులో ఉండాల్సిన విటమిన్ ఉప్పులో ఊరి, నూనెలో మునిగి, నెలలు గడిచి ఎప్పుడో పోయింది.

“నాకు చెప్పొచ్చుగా.”

“మొదట్లో మాత్ర వేసుకున్నానని అబద్ధం చెప్పా. చిగుళ్ళు చెడ్డాక అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. నువ్వు ఏం కూర అనే అడిగావు. బతికిపోయాననుకున్నా. చెబితే కిందికి పంపేస్తారుగా అన్నా. మళ్ళీ మనం మాట్లాడుకునేదెట్లా?”

నాకు ఏడుపొచ్చింది. వాడి ముందే ఏడ్చాను. తర్వాత నా పెట్టెలోంచి మాత్రలు తీసి, ఒక్కొక్కటీ నీళ్ళతో నేనే మింగించాను. మూడో రోజుకు రక్తం ఆగింది. నాలుగో రోజు ఉదయం తొమ్మిదింటికి హెలికాప్టర్ వచ్చింది. అప్పటికే ముందు పళ్ళు రెండు ఊడాయి. ఆసుపత్రిలో ఇంకో రెండు పోయాయి.

సుబేదార్ రిజిస్టరు తెప్పించుకుని పేజీలు తిప్పాడు. దేవదానం పేరు పక్కన వరసగా ‘ఠీక్’. ఈ చేతిరాత ఎవరిది అని అడిగాడు. నాదే సాబ్ అన్నాను. రిజిస్టరు మూసి నా చేతికిచ్చాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఐదూ నలభైకి కొత్త ఆపరేటర్ హిందీలో పలికేవాడు. నాలుగు ప్రశ్నలూ అడిగేవాణ్ణి, ఒక్కటీ వదలకుండా. రెండు నిమిషాలు మిగిలేవి.

మే నెలలో సెలవు దొరికింది. పొదిలి వెళ్ళాల్సినవాణ్ణి పేటలో బస్సు దిగాను. దేవదానం ఇల్లు హైవే పక్కన, మిల్లు గోడ వెనక. అప్పటికి వాడు నడుస్తున్నాడు. నన్ను చూసి నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. వాళ్ళమ్మ ఇద్దరికీ అన్నం పెట్టింది. తోటకూర పప్పు, నిమ్మకాయ చెక్క, పచ్చి టమాటా ముక్కలు. డాక్టర్లు చెప్పారని రోజూ అవే పెడుతోందట. వాడు వెనక పళ్ళతో నెమ్మదిగా నములుతున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుంది.

“నాయనా, అక్కడ కూరలు బాగానే పెట్టేవాళ్ళంటగా. మంచు తగ్గాక ఉత్తరాలన్నీ ఒక్కసారే వచ్చాయి, ప్రతిదాంట్లో వీడు రాశాడు. బెండకాయ తిన్నా, గుత్తివంకాయ తిన్నా అని. అన్ని కూరలు తిన్నోడికి పళ్ళెందుకు ఊడాయయ్యా?”

గుత్తివంకాయ నాది. నేను రేడియోలో చెప్పిన కూర వాడు తల్లికి రాశాడు.

“ఏ కూరా లేదమ్మా. అన్నీ ఉత్త మాటలు. వీడి సంగతి రోజూ అడగాల్సిన పని నాది. నేను అడగలేదు.”

ఆమె గరిటె తీసుకుని నా పళ్ళెంలో ఇంకొంచెం పప్పు వేసింది. తిను నాయనా అంది.

ఇప్పుడు ఇద్దరం రిటైరయ్యాం. వాడు పేటలోనే ఉన్నాడు, పళ్ళు కట్టించుకున్నాడు. నెలకోసారి ఫోన్ చేసుకుంటాం. వానలు, పెన్షన్, పిల్లల చదువులు, అన్నీ మాట్లాడుకుంటాం. ఏం కూర అని మాత్రం వాడూ అడగడు, నేనూ అడగను. మిగతా లోకమంతా అడుగుతుంది. వాడి దగ్గర్నుంచి ఆ మాట వినాలని ఉంటుంది నాకు.

మా వైపు మార్చిలో మిరపకాయలు కళ్ళాల్లో ఆరబోస్తారు. బస్తాలు కట్టి లారీకెత్తాక నేల ఖాళీ అవుతుంది. అక్కడొకటి, ఇక్కడొకటి కాయలు మిగిలిపోతాయి. నేను ఆ పక్కగా నడవను, చుట్టూ తిరిగి వెళ్తాను. ఆ రోజు పై పోస్టు తలుపు పక్కన మంచులో మరకలు అట్లాగే ఉన్నాయి. పైన ఉన్నవి ఎర్రగా, కింది పొరల్లోవి పాలిపోయి. ఆ చలిలో మంచు కరగదు. వాడు రక్తం ఊసిన ప్రతి ఉదయమూ అక్కడే ఉంది.