చూసిన సార్

మా వీధి చివర మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఒకటి ఈ మధ్యనే తెరిచారు. కూరగాయలకు వెళ్లి వస్తుంటే కాలిన వార్నిష్ వాసన ముక్కుకు తగులుతుంది. హైదరాబాదులో ఇన్నేళ్లుండి ఎన్ని కంపులకో అలవాటుపడ్డాను గాని, ఈ వాసనకు మాత్రం కాళ్లు ఆగిపోతాయి. గద్వాలలో మా ఆఫీసు సరిగ్గా ఇలాంటి షాపు మీది గదిలోనే ఉండేది. ఆ గదిలో కూర్చుని నాకు పని నేర్పిన యాదగిరి సార్ పోయి ఇంకా ఏడాది కాలేదు.

మాది ధరూర్ దగ్గర ఊరు. మా అమ్మానాన్నా కూలికి పోయి నన్ను డిగ్రీ దాకా చదివించారు. కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్ పట్టుకుని ఆ మెట్లెక్కినప్పుడు నాకు అన్నీ తెలుసనే అనుకున్నాను. సార్ సర్టిఫికెట్ వైపు చూడనైనా చూడలేదు. "చాయ్ తాగినవా?" అని అడిగి, ఒక పాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. ఆయనది బట్టతల, లావు కళ్లద్దాలు, ఎప్పుడూ మడిచి ఉండే చొక్కా చేతులు. గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు. అరిచి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

మా పని చెబితే ఇంతే. రైతుల బోరు మోటారు దగ్గర ఒక చిన్న పెట్టె బిగిస్తాం. బోరులో నీళ్లు తగ్గి మోటారు ఉత్తగా తిరిగితే అది మా గదిలోనే ఉన్న సర్వరుకు కబురు పంపుతుంది. అక్కడ బ్రోకర్ అనే ప్రోగ్రాం ఆ కబురును అందుకుని, అందవలసిన చోటికి చేరేదాకా పట్టి ఉంచుతుంది. వెంటనే రైతు ఫోను మోగుతుంది, ఆయన ఉన్నచోటి నుంచే మోటారు బందు చేస్తాడు. ఎక్కడో ఉన్న సర్వర్లను అద్దెకు తీసుకోవచ్చు కదా అని నేనంటే సార్ నవ్వేవారు. "మనోళ్ల మోటర్ల ముచ్చట మన అర్రల్నే ఉండనీ. చెడితే మనమే బాగుజేస్తం." ఆ బ్రోకర్‌ను లినక్స్‌లో కంటైనర్ అనే డబ్బాలో, మామూలు యూజర్ పేరు మీదనే నడిపేవారు. సర్వాధికారాలుండే రూట్ జోలికి పోనిచ్చేవారు కాదు. అదెందుకు ఇంత చాదస్తమని విసుక్కుంటే, "అద్దెకున్నోళ్లకు తమ అర్ర తాళం సాలదా సరళా? ఇల్లంత తాళాలు మనకేంటికి?" అన్నారు.

అయితే ఇలా నడపడంలో ఒక మెలిక ఉంది. మనం లాగౌట్ అయి బయటికి రాగానే, మన పేరు మీద నడిచేవన్నీ ఆగిపోతాయి. "నేను పోయినా నా పనులు ఆపకు" అని యంత్రానికి ముందే ఒక్క ముక్క చెప్పి పెట్టాలి. అందుకే సార్‌కు ఒక పద్ధతి ఉండేది. ఏ పనైనా పూర్తికాగానే లాగౌట్ అయి, కిందికి దిగి, చాయ్ తాగి, తన ఫోన్ నుంచి ఒక ఉత్తుత్తి కబురు పంపి చూసేవారు. "మనం కాడ ఉంటే ఏదైనా నడుస్తది. మనం లేనప్పుడు నడిస్తెనే పని అయినట్టు" అనేవారు. ఆ పద్ధతిని నేను వెనకాల ఎగతాళి చేసేదాన్ని. రోజుకు నాలుగు చాయ్‌లకు ఇదొక సాకని కింది షాపువాళ్లతో అన్నాను కూడా.

ఒక గురువారం పాత యంత్రం నుంచి కొత్తదానికి అంతా నేనే మార్చాను. రెండు రోజులుగా బ్రహ్మాండంగా నడుస్తోంది, ఎందుకంటే నేను లాగౌట్ కాలేదు; కొత్త యంత్రానికి ఆ ఒక్క ముక్క చెప్పడం మరిచానని అప్పటికి నాకు తెలియదు. శనివారం సాయంత్రం అమరచింతలో మా చిన్నమ్మ కూతురి నిశ్చితార్థం. గబగబా లాగౌట్ కొట్టి బ్యాగు తగిలించుకున్నాను.

"సరళా, బయటికొచ్చి చూసినవా?" అన్నారు సార్, కాగితాల్లోంచి తల ఎత్తకుండానే.

"చూసిన సార్."

అంతే. చూడడానికి పది నిమిషాలు పట్టేది. ఆటో వెళ్లిపోతుందని ఆ పది నిమిషాలూ మిగుల్చుకున్నాను. నిశ్చితార్థంలో ఏం తిన్నానో, ఏ చీర కట్టానో ఇవాళ ఒక్కటీ గుర్తులేదు.

నర్సమ్మది వడ్డేపల్లి దగ్గర ఊరు. మొగుడూ పెళ్లామూ కౌలుకు తీసుకుని విత్తన పత్తి వేశారు. ఒక్కొక్క పూవుకూ చేత్తో పుప్పొడి అద్ది క్రాసింగ్ చేసే రోజులవి, చేనుకు నీళ్లు తప్పకూడదు. మా పెట్టె బిగించాక, ఫోను మోగుతుందనే ధీమాతో ఆమె మోటారు దగ్గర కావలి మనిషిని మాన్పించింది. ఆదివారం మోటారు వేసి సంతకు వెళ్లింది. కాసేపు ఆపితే మళ్లీ ఊరే నీళ్లే, బోరులో అడుగంటాయి, పెట్టె కబురు పంపింది, అందుకోవడానికి ఇక్కడ ఎవరూ లేరు. మోటారు కాలిపోయింది.

సోమవారం నేను వెళ్లేసరికి సార్ తెర ముందు ఉన్నారు. నేను లాగౌట్ అయిన నిమిషమూ, బ్రోకర్ ఆగిన నిమిషమూ ఒక్కటే. కిందా మీదా రెండు వరుసల్లో కనబడుతోంది, చదువురాని వాడికైనా అర్థమవుతుంది.

"నిజంగ చూసినవా?" అన్నారు మెల్లగా.

"చూసిన సార్. కరెంటు పోయిందేమో."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. అంతలో నర్సమ్మ మెట్లెక్కి వచ్చింది. "మీ పెట్టెను నమ్మి నా చేను ఎండబెట్టుకుంటి గదా సారూ! ఇగ కౌలు ఎట్ల నిలబెట్టుకుంట?" అని తలుపు దగ్గరే కూలబడింది. సార్ లేచి నిలబడ్డారు. "తప్పు నాది అక్కా. నేనే సరిగ్గ చూసుకోలే." ఆమెకు ఇవ్వడానికి మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. సార్ స్వయంగా వెళ్లి ఆ మోటారు తెచ్చి, కింది షాపులో వైండింగ్ అయ్యేదాకా బల్ల మీద కూర్చున్నారు. నాలుగు రోజులు పట్టింది. అప్పటికే చేనులో పూతా పిందే రాలిపోయాయి. మరుసటి ఏడు ఆ పొలం వేరేవాళ్లకు పోయిందని, వాళ్లు కూలికి వెళ్తున్నారని తర్వాత తెలిసింది.

సార్ నన్ను ఒక్క మాట అనలేదు. కాని ఆ రోజు నుంచి "చూసినవా?" అని అడగడం మానేశారు. నేను చేసిన ప్రతి పనినీ తనే కిందికి దిగి పరీక్షించేవారు. దానికంటే చెంప మీద కొట్టినా సంతోషించేదాన్ని. ఏడాది తిరక్కుండానే హైదరాబాదులో ఉద్యోగం చూసుకున్నాను. "పని తెలిసిన పిల్ల" అని నా గురించి ఆ కంపెనీకి చెప్పింది ఆయనే. పండగలకు ఫోన్ చేసినప్పుడల్లా ఈసారి చెప్పేయాలనుకునేదాన్ని. "అంత మంచేనా సరళా?" అనేవారు. "మంచే సార్" అనేదాన్ని. ఆ తర్వాత కాసేపు ఆయన ఫోన్ పెట్టేవారు కాదు, ఏమీ మాట్లాడేవారూ కాదు. వయసు మీద పడి అలా అయ్యారనుకునేదాన్ని.

ఆయన దశదినకర్మకు గద్వాల వెళ్లాను. భోజనాల దగ్గర నర్సమ్మ కనిపించింది. నన్ను గుర్తుపట్టి పక్కన చోటు చూపించింది. కూర్చోగానే ఏడుపు ఆగలేదు. "అక్కా, మీ మోటరు కాలింది నా వల్లనే. సార్ తప్పేం లేదు" అన్నాను.

"ఎరుకనే బిడ్డా. ఆయన నా తప్పు అంటుంటే నువ్వు నేల చూస్తుంటివి. నాకు గప్పుడే తెల్సె" అంది. కోపంగా కూడా అనలేదు. "ఆయనకు చెప్పినవా?" అని అడిగింది.

లేదన్నాను.

"మరి నాకెందుకు చెప్తున్నవ్? వినేటోడు పాయె గదనే" అని విస్తరి మడిచి లేచింది.

ఫోన్లో ఆయన ఎందుకు అంతసేపు ఆగేవారో నాకు అప్పుడు అర్థమైంది.