నడుముకు కాదు, ఛాతీకి

పొద్దున్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు మిత్రులారా! దుమ్ముగూడెం గోదారి ఒడ్డున మా బిడ్డ ఊరివాళ్లకు వరద శిక్షణ ఇస్తోంది, మా బిడ్డ! ఖాళీ నీళ్ల డబ్బాలకు తాడు కట్టి, "నడుముకు కట్టద్దు, ఛాతీకి కట్టాలె" అంటోంది.

ఆ మాట వినగానే మా ఇంటి చూరుకు వేలాడిన ఎండు సొరకాయ బుర్రలు కళ్ల ముందుకొచ్చాయి. వాటి పొగవాసన కూడా గుప్పుమంది! మీ ఇళ్లలోనూ ఉండేవి కదా? వరద నీళ్లు వాకిట్లోకి రాగానే అమ్మ మా అందరి నడుములకు తలో బుర్ర కట్టేది. ఒకసారి మా చెల్లె నీళ్లలో తలకిందులైంది. బుర్ర పైన తేలింది, తల కింద మునిగింది. అమ్మ దాని జడ పట్టి పైకి లాగింది. ఆ రోజు నుంచి ముడి ఛాతీకే.

ఇక్కడేమో అందరూ నవ్వుతున్నారు. "గోదారి ఒడ్డున పుట్టినోళ్లకే గోదారి గురించి చెప్తున్నవా బిడ్డా?" ఎగువన వానలు దంచుతున్నాయి. వీళ్లు ఇవాళ నేర్చుకోకపోతే ఎట్లా? లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను.

"నాయినా, గడబిడ చేయకు, కూసో" అంది బిడ్డ.

అప్పుడు గుంపులోంచి మా చెల్లె లేచింది. ఇప్పుడు మనుమరాళ్లున్న ముసలమ్మ. "నడుముకు కడితే ఏమైతదో నన్నడుగుండ్రి. గోదారి అడుగు సూసొచ్చిన!" అంటూ మేనకోడలి ముందు చేతులెత్తి నిలబడింది. "కట్టు బిడ్డా, జల్దీ కట్టు."

నవ్వులు ఆగాయి. ఆమె వెనక అందరూ వరస కట్టారు. బిడ్డ ముడులు వేస్తుంటే నేను ఒక్కొక్కటీ లాగి చూస్తూ తిరిగాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. అయినా చెల్లె ముడి మాత్రం రెండుసార్లు లాగి చూశాను.