మా లైనులో పొయ్యిల కొట్టం

గోదావరిఖనిలో మేము కాపురం పెట్టిన కొత్తలో, తెల్లవారిందంటే మా క్వార్టర్ల లైనంతా పొగే. మాకు దొరికే బొగ్గు ముట్టించగానే వంటకు పనికి రాదు. పాత బకెటుకు మట్టి మెత్తి చేసిన పొయ్యిని వాకిట్లో పెట్టి, కింద చితుకులు, పైన బొగ్గు వేసి రాజేస్తే ముందు నల్లటి పొగ కక్కుతుంది. అదంతా పోయి బొగ్గు ఎర్రబడ్డాకే పొయ్యిని లోపలికి మోసుకుపోవాలి. మొదటి షిఫ్టుకు మగవాళ్ళకు సద్ది కట్టాలి కనుక అందరం ఒకే వేళకు రాజేసేవాళ్ళం.

ఆ పొగ గాలికి కొట్టుకుపోయి చివరి క్వార్టరు మీద పడేది. అది ఖాళీగా ఉన్నన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు. చలికాలం మొదట్లో అందులోకి ఉత్తరాది నుంచి ఒక జంట దిగింది. అతనికి బాయిలో, అంటే గనిలో, బొగ్గు నింపే పని. ఆమె చిన్నపిల్ల, చంకలో చంటివాడు, తెలుగు ముక్క రాదు. మేము పొయ్యిలు బయట పెట్టామో లేదో, దడాలున తలుపు వేసుకునేది. అబ్బో, ఎంత టెక్కో అనుకున్నాం.

మా పక్కింటి ముస్లిం పెద్దామెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్ళం; ఆమెకు ఉర్దూ వచ్చు. ఒకరోజు పోయి ఆ పిల్లతో మాట్లాడి వచ్చి నా మీద పడింది.

"టెక్కు లేదు గిక్కు లేదు! మన పొగకు ఆ పసిపోరడు దగ్గి దగ్గి సొలిగిపోతున్నడు. పొగ తగలనియ్యొద్దని దవాఖానల చెప్పిండ్రంట. ఐతారం దాటితే సోమారం పొద్దుమూకే యాళ రైలుబండికి తల్లిని, పిల్లగాన్ని ఊరికి తోలుతనంటున్నడు దాని మొగడు. పోనని అది ఒకటే ఏడుపు."

చివరి ఇల్లు దాటాక ఖాళీ జాగా, ఆ అవతల పొలాలు. గాలి ఊళ్ళో నుంచి అటే వీస్తుంది కనుక, పొయ్యిలన్నీ అక్కడ ఒక్క కొట్టంలో రాజేసుకుంటే పొగ ఎవరింటికీ రాదని నేనన్నాను. అందరూ సరేనన్నారు. మంథని నుంచి వచ్చిన బ్రాహ్మణ అయ్యగారింటి అవ్వ ఒక్కతే మూతి తిప్పింది.

"అందరి నడుమ నా పొయ్యా? నా మడి ఏం గావాలె?"

"నీ జాగ చుట్టు ముగ్గుతోని గీత గీసుకో అవ్వా," అంది ఖాలా. "మేం దాటితే అప్పుడు తిట్టు."

ఆదివారం మగవాళ్ళు పనికి దిగారు. మేస్త్రీ మా ఇంటాయనే. బాయిలో కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే టింబర్ పని ఆయనది. అడవి కర్రలు, పాత రేకులు, మట్టి మెత్తిన తడకలు తెచ్చి, మమ్మల్ని దగ్గరికి కూడా రానివ్వకుండా చీకటి పడేలోపు లేపేశారు. చూద్దుము కదా, అడుగుకో కర్ర, నాలుగు దిక్కులా తడకలు, నడుము వంచితే తప్ప దూరలేని కప్పు!

"ఇది కొట్టమా, బొగ్గుబాయా?" అన్నాను.

"కప్పు ఎత్తు పెడితే కూలుతదే! ముప్పొద్దుల నేను చేసే పని నాకే చెప్తవా?"

"మీద గుట్ట ఉన్నదా కూలనీకి? నాలుగు రేకులేనాయె!"

మగవాళ్ళంతా ఆయన వైపే. సోమవారం పొద్దున అందులో పొయ్యిలు రాజేశాం. పొగ పైకి పోయే దారి లేక, ఆ పిల్ల ఇంటి వైపు పెట్టిన ఒక్క గుమ్మంలోంచి బయటపడి, నేరుగా ఆమె కిటికీలో దూరింది. ఆమె మొగడు మా వంక చూసి షిఫ్టుకు పోయాడు. లోపల ఆ పిల్ల పెట్టె సర్దుకుంటోంది.

మగవాళ్ళు బాయిలో దిగారో లేదో, ఆడవాళ్ళం చీర కుచ్చెళ్ళు దోపుకున్నాం. మూడు వైపుల తడకలు పీకేశాం. ఆ ఇంటి వైపుది మాత్రం ఉంచి, దాని గుమ్మం మూసి, కిటికీని కప్పేటట్టు ఇంకా పొడుగు చేశాం. అడ్డం వచ్చిన కర్రలు తీసి, రేకులను ఎత్తబోతే మాకు బలం చాలలేదు. అప్పుడు ఆ పిల్ల బయటికొచ్చింది. బిడ్డను ఎవరికివ్వాలో తోచక, కూర్చుని ఉన్న మంథని అవ్వ ఒళ్ళో వేసి, వచ్చి కర్రకు భుజం ఆనించింది.

"అవ్వా, మడీ!" అంది ఖాలా.

"నోర్మూసుకొని రేకు లేపు. పిల్లగాడు నిద్రల ఉన్నడు," అంది అవ్వ.

కప్పు లేచింది. సాయంత్రం పొయ్యిలు రాజేస్తే పొగ సక్కగా పొలాల దిక్కు మళ్ళింది. అంతలో ఆ పిల్ల మొగడు ముఖమంతా బొగ్గుపొడితో వచ్చి, బండి వేళవుతోంది నడవమన్నాడు. ఆమె పొయ్యి మీద నుంచి చూపు తిప్పకుండా ఏదో అంది. ఖాలా పకపక నవ్వింది.

"పొయ్యి ఎర్రగైంది, రొట్టెలు చెయ్యాలె, బండిని పొమ్మను అంటున్నది!"

అతను ఇంట్లోకి పోయి, కాసేపు కిటికీ దగ్గర నిలబడి గాలి పీల్చి చూసుకున్నాడు. తర్వాత బయటికొచ్చి కాళ్ళు కడుక్కుని, రొట్టెలెప్పుడవుతాయని అడిగాడు. మా ఇంటాయన కప్పు కింద అటూ ఇటూ తిరిగి, ఇంకో కర్ర ఉంటే మంచిదన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

కొట్టానికి ఒకటే కట్టుబాటు పెట్టుకున్నాం: ముందు వచ్చినవాళ్ళు అందరి పొయ్యిలూ రాజెయ్యాలి. ఇల్లు పక్కనే కనుక రోజూ ఆ పిల్లే ముందు. మేము పోయేసరికి నిప్పులు కణకణలాడుతుండేవి. మాకు బద్ధకం అలవాటైంది. ఆ పిల్ల అది కనిపెట్టి కొన్నిరోజులు కావాలనే బయటికి రాకుండా, చలిలో మేము పొయ్యి ఊదుకుంటుంటే కొడుకును ఎత్తుకుని కిటికీలోంచి చూసి నవ్వేది.