గ్లాసు మీద చెయ్యి

నేను స్కూల్లో సైన్సు చెబుతాను. దెయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు నవ్వను, అలాగని నమ్ముతాననీ అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది చెన్నైలో వాషర్‌మెన్‌పేట్. ఆ ఏడాది వానల తర్వాత కుళాయి నీళ్ళు మురుగు వాసన కొట్టేవి. నాకు ఎనిమిదో నెల. నాలుగు రోజులు వాంతులయితే, కడుపుతో ఉన్నదానికి మామూలేలే అనుకున్నాను. ఐదో రోజు అద్దంలో చూసుకుంటే కళ్ళు పచ్చగా ఉన్నాయి.

"కామెర్లకి ఇంగ్లీషు మందు పనికిరాదమ్మా. ఆకు పసరు తాగితే మూడు రోజుల్లో దిగిపోతాది" అంది మా అత్త. సైన్సు టీచర్ని, సరేనని తలూపాను. భయం వేస్తే చదువు ఎటు పోతుందో.

పసరు పోసే ఇల్లు రెండు వీధుల అవతల. తెల్లవారగానే పరగడుపున వెళ్ళాలి. ఇంట్లోంచి బయలుదేరినప్పటి నుంచి మందు తాగేదాకా నోరు విప్పకూడదు. విప్పితే మందు పనిచేయదట. అత్త గుమ్మం దగ్గర నిలబడింది, నేను లోపల బెంచీ మీద కూర్చున్నాను.

నా కుడి పక్కన ఇంకో గర్భిణి కూర్చుని ఉంది. కళ్ళు నాకంటే పచ్చగా ఉన్నాయి. కుడి చేతికి నిండా ఆకుపచ్చ గాజులు, ఎడమ చెయ్యి బోసిగా ఉంది. ఒక చేతికే ఎందుకు వేసుకుందో అడగాలనిపించింది. మాట్లాడకూడదు కదా.

పసరు గ్లాసు నా చేతికిచ్చారు. పెదాల దాకా ఎత్తాను. ఆమె బోసి చెయ్యి గ్లాసు మీద అడ్డంగా పెట్టింది. పొరపాటున తగిలిందేమోనని మళ్ళీ ఎత్తాను, మళ్ళీ అడ్డం పెట్టింది. మూడోసారి ఆ అరచెయ్యి నా పెదాలకు తగిలింది. చల్లగా ఉంది, మా కుళాయి నీళ్ళ వాసనే వచ్చింది. గ్లాసు కింద పెట్టేసి, "అత్తా, ఆస్పత్రికి పోదాం పదండి" అని అరిచాను.

హెపటైటిస్ ఇ అన్నారు. నీళ్ళ వల్ల వచ్చే వైరస్సట. మామూలు వాళ్ళకు చాలావరకు దానంతట అదే తగ్గుతుందనీ, నెలలు నిండేవాళ్ళకు ప్రాణం మీదికి వస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ సాయంత్రానికే నాకు స్పృహ తప్పింది. తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నాను. పాప నెల ముందే పుట్టింది. ఇద్దరం బతికాం.

ఇంటికొచ్చాక, ఆ రోజు నా పక్కన కూర్చున్నామె ఎవరని అత్తను అడిగాను.

"ఆడ ఎవురూ లేరే. నువ్వొక్కదానివే కూర్చోనుంటివి."

గాజుల సంగతి చెప్పాను. అప్పుడు చెప్పింది అత్త. ఆమెకు ఒక చెల్లెలుండేదట, నాకు ఆ మాటే తెలియదు. ఎనిమిదో నెలలో గాజుల వేడుక చేస్తుంటే, ఒక చేతికి తొడిగేసరికి కళ్ళు తిరిగి పడిపోయిందట. కళ్ళు పచ్చగా ఉన్నాయని మర్నాడు పసరు కోసం ఆ ఇంటికే తీసుకెళ్ళారు.

"వద్దక్కా అన్నట్టు తల ఊపింది. నోరు విప్పకూడదు కదా. నేనే గ్లాసు పట్టుకోని తాగించినా" అంది అత్త. వారం తిరగకుండా చనిపోయిందట.

లివర్ దెబ్బతింటే లేనివి కనిపిస్తాయని డాక్టరమ్మ అంది. కావచ్చు. కానీ నేనెప్పుడూ వినని మనిషి గాజులు ఒక చేతికే ఎలా కనిపించాయి?

ఇప్పుడు మా ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్ళే తాగుతాం. అయినా గ్లాసు ఎత్తాక ఒక్క క్షణం ఆగుతాను, చెయ్యి అడ్డం వస్తుందేమోనని.