నా కూతురి తల మీద ఒట్టు

మా నాయిన నలభై ఏళ్లు బీడీ తాగాడు. పోచంపల్లి దగ్గర మగ్గం నేసి బతికిన మనిషి. నూలుకు నిప్పంటుకుంటుందని మగ్గం దగ్గర మాత్రం వెలిగించేవాడు కాదు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టి, ఎల్‌బీ నగర్‌లోని కిరాయి ఇంటికి ఆయన్ను తెచ్చుకున్నాక ఆ వాసన నాకు పడలేదు. ఒకరోజు నా కూతుర్ని ఆయన ముందు నిలబెట్టాను.

"దీని తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి నాయినా, ఇగ ముట్టనని."

"ఒట్టెందుకురా? మానేస్తనన్న గద."

"ఎన్నిసార్లన్నవ్?"

ఒట్టు తప్పితే కీడు ఆ తలకే తగులుతుందని మావాళ్ల నమ్మకం. ఆయన చెయ్యి పెట్టాడు. మళ్ళీ బీడీ ముట్టలేదు. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని, చేతులతో ఏం చెయ్యాలో తెలియక మోకాళ్లు రుద్దుకునేవాడు. అయినా నేను ఆయన చొక్కాలు వాసన చూసేవాణ్ణి. రెండేళ్లకు పోయాడు.

అప్పటికే నా చేతిలో ఫోన్ ఉంది. మొదట గిరాకీ లేనప్పుడు చూసేవాణ్ణి, తర్వాత గిరాకీ ఉన్నప్పుడు కూడా. "అన్నా, చీర నాకు చూపిస్తున్నవా, ఫోన్‌కు చూపిస్తున్నవా?" అని ఒకావిడ లేచి వెళ్లిపోయింది. ఇంట్లో అన్నం ముందు కూడా అంతే.

పోయిన వానాకాలం తొమ్మిదేళ్ల నా కూతురు నా చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది.

"తాతతోని ఒట్టు ఏపిచ్చినవ్ గద డాడీ. ఇప్పుడు నువ్వెయ్యి, ఇంట్ల ఫోన్ చూడనని."

వంటింట్లోంచి నా భార్య నవ్వింది. "ఎయ్యనియ్యి. ఎన్ని గంటలుంటదో చూద్దాం."

వేశాను. ఆ సాయంత్రమే బాత్‌రూమ్ తలుపు గడియ పెట్టి, నల్లా తిప్పి, ఆ చప్పుడు చాటున ఫోన్ చూశాను. బీడీకి వాసన ఉంది, దీనికి లేదు. నాయిన దాచాలనుకున్నా దాచలేకపోయేవాడు.

పది రోజులకు పిల్లకు డెంగీ వచ్చింది. దవాఖానలో సెలైన్ ఎక్కుతుండగా అడిగింది.

"డాడీ, నువ్వు ఫోన్ చూసినవా?"

"లేదు బిడ్డా."

"మరి నాకెందుకు జరమొచ్చింది?"

"దోమ కుట్టింది."

"నిజంగ చూడలే?"

"నిజంగ."

నమ్మింది. కళ్లు మూసుకుని నిద్రపోయింది. నేను వరండాలోకి వెళ్లి ఫోన్ తీశాను.

పిల్ల కోలుకుంది. ఇప్పుడు ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెబుతుంది. "మా డాడీ ఒట్టు తప్పలే. అందుకే నాకు జల్ది తక్కువైంది."

నేను పక్కనే కూర్చుని వింటాను.